‘మీకేం తెలీదు’ అంటున్నాడు మా వాడు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 41 ఏళ్లు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. మాకు ఒక్కడే బాబు. పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఈ మధ్య ఏం మాట్లాడబోయినా ‘మీకేం తెలీదు’ అంటాడు. నేను ఎంసెట్ అంటే ‘ఇంకా ఎంసెట్ ఏంటమ్మా, ఈఏపీసెట్’ అని నవ్వుతాడు.

దసరా ముందు నాకొక ఫోనొచ్చింది. కరెంటు ఆఫీసు నుంచి అన్నారు. బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి కనెక్షన్ తీసేస్తాం, ఆపాలంటే మేం పంపే యాప్ వేసుకోండి అన్నారు. చేతినిండా పండగ కుట్లు. కరెంటు పోతే నా మోటారు మిషన్ ఆగిపోతుంది. భయపడి వేసుకోబోతుంటే మా వాడు ఫోను లాక్కుని కట్ చేశాడు. ఆ పూట వాడు ఇంట్లో లేకపోతే నా ఖాతా ఖాళీ అయ్యేది.

రెండు నెలలు తిరక్కుండా వాడే మోసపోయాడు. వీడియోలకి లైకులు కొడితే డబ్బులిస్తామని ఫోన్లో ఏదో గ్రూపులో చేర్చుకున్నారట. ముందు 150 రూపాయలు నిజంగానే వేశారట. తర్వాత వెయ్యి కట్టు, ఇంకో రెండు వేలు కట్టు అంటూ మొత్తం 4,800 లాగేశారు. అది నా ఖాతాలో కస్టమర్లు వేసిన డబ్బు. నాలుగు రోజులు ఆగి చెప్పాడు.

ఇప్పుడేమో ఇంజినీరింగ్ వద్దు, ఏఐ వచ్చాక కోడింగ్ పని అయిపోయింది, నేను డిజైన్ చదువుతా అంటున్నాడు. మా ఆయన ‘మనకేం తెలుసు, వాడికే తెలుసు, వాడు చెప్పినట్టే కానీ’ అంటారు. మా అన్నయ్య ‘రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి’ అంటాడు. నిజంగా ఈ పిల్లలకి మనకంటే ఎక్కువ తెలుసా మేడమ్?

– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర్లో ఒక వాక్యం రాసి కొట్టేశారు. గీత సన్నగా ఉంది కాబట్టి కింద అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి: ‘వాడి ముందు ఫోను తీయాలంటే సిగ్గేస్తోంది.’ మీరు అడిగిన ప్రశ్న కంటే ఈ కొట్టేసిన మాటే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ అన్నయ్య గారి మందు సంగతి. వద్దు. నాలుగు రోజులాగి చెప్పినవాడు, దెబ్బలు తింటే ఈసారి అసలు చెప్పడు.

ఇక మీ ప్రశ్న. అవును, కొన్నిట్లో వాడికి మీకంటే ఎక్కువే తెలుసు. ఒప్పుకోవడానికి నామోషీ పడక్కర్లేదు. తాతకు దగ్గులు నేర్పినట్టు అని మనకో సామెత ఉంది. దగ్గు విషయంలో అది నిజమే, తాత ఏళ్ల తరబడి దగ్గుతున్నాడు. కానీ ఫోను తాతది కాదు కదా. యూపీఐ వచ్చింది 2016లో. అప్పటికి మీకు ముప్పై దాటాయి, మీవాడికి ఆరో ఏడో. మీరిద్దరూ ఒకే రోజు బడిలో చేరారు, వాడు ముందు బెంచీలో కూర్చున్నాడు, మీరు ఇంటి పనుల వల్ల సగం రోజులు రాలేదు. అంతే తేడా.

మా కాలంలో ఇంత తేడా ఉండేది కాదు. మగ్గం నేసేవాళ్లింట్లో, కుమ్మరి ఇంట్లో, వ్యవసాయం ఇంట్లో పనికొచ్చేదంతా పెద్దవాళ్ల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి దిగేది. ఆ పనిలో పిల్లవాడికి తెలిసింది చాలావరకు అంతకుముందు తండ్రికి తెలిసిందే. ఇప్పుడు మీ ఇంట్లో రెండు వైపుల నుంచీ తెలివి రావాలి, అది అలవాటు లేని పని. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పాను. గుంటూరు వైపు పనిచేస్తున్నప్పుడు ఒక పత్తి రైతు కొడుకు నా క్లాసులో ఉండేవాడు. పురుగుమందు డబ్బా మీద ఉండే రంగు త్రికోణం సంగతి వాడికి తెలుసు: ఎరుపుంటే మహా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. నాన్నకి ఇరవై ఏళ్లుగా ఆ డబ్బాలు కొంటున్నా ఆ త్రికోణం దేనికో తెలియదు. వెళ్లి చెప్పాడట. ఆయన విన్నాడట. విని, ‘సరే, గాలి ఎటు వీస్తోందో చెప్పు’ అన్నాడట. వీడికి తెలియలేదు. గాలికి ఎదురు నిలబడి ఎరుపు డబ్బా కొట్టినా, ఆకుపచ్చ డబ్బా కొట్టినా మొహాన పడేది నీ మందే అన్నాడట. ఇది మర్నాడు వాడే క్లాసులో చెప్పి నవ్వాడు. ఆ ఇంట్లో ఎవరికి ఎక్కువ తెలుసు అని నన్నడిగితే నేను చెప్పలేను.

మీ ఇంట్లో కూడా అదే జరిగింది, కాకపోతే ఒకే రోజు కాకుండా రెండు నెలల తేడాతో జరిగింది. కరెంటు ఫోను వచ్చినప్పుడు వాడికి తెలిసింది ఏమిటి? ఎవడో పంపిన యాప్ వేసుకుంటే మన స్క్రీను ఆ పంపినవాడికి కనపడుతుందని. మీకు అది తెలియదు. సరే. లైకుల గ్రూపు విషయంలో వాడికి తెలియనిది ఏమిటి? ముందు 150 ఎందుకు వేశారో తెలియలేదు. ఇది మీకు తెలుసు. మీరు చీటీలు వేసే ఉంటారు. మొదటి మూడు నెలలు పాటలు సరిగ్గా జరిపి, గడువు రాకుండానే డబ్బు ఇంటికి తెచ్చిచ్చి, వీధిలో అందరిచేతా ‘ఎంత నిక్కచ్చి మనిషి’ అనిపించుకుని, తర్వాత ఒక తెల్లవారుజామున తాళం వేసి వెళ్లిపోయిన మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరు ఉంటారు. గాలానికి ఎర గుచ్చడం అంటే ఏమిటో మీ వయసు ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు ఆ 150 పడ్డ రోజే ‘అమ్మా, చూడు, ఉత్తినే డబ్బులిచ్చారు’ అని చూపించి ఉంటే, ఉత్తినే ఎందుకిస్తారురా అని మీ నోట మొదటి మాట వచ్చి ఉండేది. 4,800 అక్కడే ఆగేది.

వాడు చూపించలేదు. మీరు తిడతారని కొంత, ‘అమ్మకేం తెలుసు’ అని కొంత. మీరూ అడగలేదు, వాడు ఫోన్లో ఏం చేస్తున్నా మనకి అర్థం కాదులే అని. నష్టం ఎక్కడ జరిగిందంటే నేను అక్కడే అంటాను.

ఇంకో సంగతి, వాడు మంచి తెలివైన పిల్లాడే అయ్యుండీ ఎలా పడ్డాడు అని మీకు అనిపిస్తుండవచ్చు. లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు, ఈ వయసు పిల్లల మీదే ఆయన పనంతా. 2005లో ఆయన, మార్గో గార్డ్‌నర్ కలిసి ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్‌లో కారు ఆట. ముందు పసుపు లైటు పడుతుంది, ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, ఆగకపోతే గుద్దుకునే ప్రమాదం. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు పదహారేళ్ల మధ్య పిల్లలు పెద్దవాళ్లంత జాగ్రత్తగానే ఆడారు. పక్కన స్నేహితులు నిలబడి చూస్తుంటే మాత్రం వాళ్లు ముందుకు తోసుకుపోయారు. ఇరవై నాలుగు దాటినవాళ్లకి పక్కన ఎవరున్నా పెద్ద తేడా పడలేదు. తర్వాత చేసిన పరిశీలనల్లో ఆయన తేల్చింది ఏమిటంటే, ప్రశాంతంగా కూర్చుని ఆలోచించే లెక్కల్లో పదహారేళ్లవాడు పెద్దవాళ్లతో సమానమే. ఒత్తిడిలో, ఉత్సాహంలో, పదిమంది చూస్తుండగా తనను తాను ఆపుకోవడం మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఎదుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ గ్రూపు గుర్తు చేసుకోండి. మీవాణ్ణి అడిగి చూడండి, అందులో ఎంతమంది ఉండేవారో, ‘నాకు మూడు వేలొచ్చాయి’, ‘నాకు ఐదు వేలొచ్చాయి’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లెందరో. సాధారణంగా వాళ్లంతా ఆ మోసగాళ్ల మనుషులే. రాత్రి పదకొండింటికి మీవాడు గదిలో ఒంటరిగా ఉన్నాడని మీరనుకున్నారు. వాడి పక్కన వందమంది నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మీ కరెంటు ఫోను రోజున వాడు ప్రశాంతంగా ఉన్నాడు, భయం మీది. అందుకే మిమ్మల్ని కాపాడగలిగాడు. తన వంతు వచ్చేసరికి ఆత్రం వాడిది.

కాబట్టి ఇంట్లో ఒక నియమం పెట్టండి. ఎవరి ఫోనుకి డబ్బు మాట వచ్చినా, ఎవరూ ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు. మీరు వాడికి చూపించాలి, వాడు మీకు చూపించాలి, మీ ఆయన కూడా ఇద్దరికీ చూపించాలి. పెద్దవాళ్లకి మినహాయింపు ఇస్తే ఈ నియమం వారం కూడా నిలవదు.

పోయిన డబ్బు గురించి. సైబర్ మోసాల ఫిర్యాదులకి ఉన్న 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, ఇప్పటికైనా సరే. డబ్బు పోయిన గంటల్లోనే చేస్తే అవతలి ఖాతా ఆపించే అవకాశం ఎక్కువ. మీకు ఆలస్యమైంది, తిరిగి వస్తుందని ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు వాడి చేతే ఇప్పించండి, పక్కన మీరు కూర్చోండి. జరిగింది ఒకసారి బయటివాళ్లకి వరసగా చెప్పాక దాని మీద సిగ్గు సగం దిగుతుంది. వాడు ఈ మధ్య ‘మీకేం తెలీదు’ మరీ ఎక్కువగా అంటున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు. దెబ్బ తగిలిన చోట పిల్లలు చెయ్యి వేయనివ్వరు. ఆ 4,800ని మీరు ప్రతి గొడవలోనూ బయటికి తీయకండి. అలాగని మాఫీ కూడా చేయకండి. జాకెట్లకి హుక్కులు, కాజాలు బయట కుట్టిస్తే ఎంతవుతుందో మీకు తెలుసు. ఆ రేటు కట్టి, వాడి చేత కుట్టించి, ఒక పుస్తకంలో తగ్గించుకుంటూ రండి. మగపిల్లాడు హుక్కులు కుట్టడమేమిటని మీ అన్నయ్య అంటే, దర్జీల్లో మగవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పండి.

ఇక కొట్టేసిన ఆ వాక్యం. మీ ఖాతాలోంచి వాడు 4,800 పంపగలిగాడంటే మీ పిన్ వాడికి తెలుసన్నమాట. బహుశా పెట్టిందే వాడు. ఈ రోజే మార్చండి, మీ చేత్తో, వాడు చూడకుండా. ఇది వాడి మీద అనుమానంతో చెప్పడం లేదు. మీ బీరువా తాళం మీ కొంగున ఉంటుంది, అదీ అంతే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదని, పంపడానికే కావాలని గుర్తుపెట్టుకోండి. ‘మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి’ అని ఎవరన్నా అన్నారంటే మీ డబ్బే పోతోందని అర్థం.

వాడు మీకు ఫోన్లో ఏదైనా చేసిపెడుతుంటే ఆపండి. ‘చేసిపెట్టు’ అనే మాట మానేసి ‘చెప్పు, నేను చేస్తా’ అనండి. ఫోను మీ చేతిలోనే ఉండాలి, వాడి చేతులు వాడి వీపు వెనక ఉండాలి. విసుక్కుంటాడు. మీరు పొరపాటు నొక్కుతారు. ‘అబ్బా అమ్మా’ అంటాడు. వాడికి మీరు అఆలు దిద్దించినప్పుడు ఎన్నిసార్లు పలక తుడిచారో ఆ లెక్క వాడు చూడలేదు, మీకైనా గుర్తుండాలి కదా.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేనూ మా అమ్మని ‘నీకేం తెలీదు’ అన్నదాన్నే. 1978లో నేను ఇంటర్. మాకు రెండు గేదెలు, ఏడిళ్లకి వాడుక పాలు. మా అమ్మది వేలిముద్ర. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, ఇంటికో వరస, లీటరుకి నిలువు గీత, అర లీటరుకి అడ్డగీత. నాకు అది చూస్తే పరువు పోయినట్టుండేది. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, గళ్లు గీసి, పేర్లు రాసి, ఇకనుంచి లెక్క నాది అన్నాను. నెలాఖరున మాస్టారు గారింటి దగ్గర తేడా వచ్చింది. నా పుస్తకంలో ముప్పై రోజులు. గోడ మీద ఇరవై ఆరు. వాళ్లు నాలుగు రోజులు తిరుపతి వెళ్లారు. నేను పుస్తకం ఆదివారం ఆదివారం కూర్చుని వారానికి సరిపడా నింపేదాన్ని. అమ్మ ఖాళీ గిన్నెతో తిరిగొచ్చిన వెంటనే గీత గీసేది. నా పుస్తకం చూడ ముచ్చటగా ఉంది, లెక్క మాత్రం గోడదే నిజం. అమ్మ నన్నేమీ అనలేదు. పుస్తకం నాదగ్గర్నుంచి తీసుకుని, గోడ చూసి రోజూ రాయమంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు అలాగే రాశాం.

మీ ఆయన ‘వాడికే తెలుసు’ అనడం చూస్తే, నిజం చెప్పొద్దూ, మీ అన్నయ్య మాటకంటే నాకు అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. బస్సు నడిపే మనిషి ఆయన. ఫోన్లో మ్యాపు దారి చూపిస్తుంది, వానాకాలంలో ఏ కల్వర్టు మీద నీళ్లు పారతాయో, ఏ మలుపులో రాత్రిపూట గేదెలు పడుకుంటాయో అది చూపించదు. అటువంటి మనిషి కొడుకు చదువు దగ్గరికొచ్చేసరికి స్టీరింగు వదిలేస్తానంటే ఎలా? అది గౌరవం ఇచ్చినట్టు పైకి కనపడుతుంది గానీ, పదహారేళ్ల భుజాల మీద మోయలేని బరువు పెట్టడం. రేపు తేడా వస్తే ‘నువ్వే కదా అన్నావు’ అనే మాట ఇప్పుడే సిద్ధమవుతోంది.

చదువు విషయంలో అసలు సంగతి ఏమిటంటే, ఇంకో ఏడేళ్లకి ఏ ఉద్యోగాలుంటాయో వాడికీ తెలియదు, మీకూ తెలియదు, వాడు చూసే వీడియోల్లో చేతులూపుతూ చెప్పేవాళ్లకీ తెలియదు. కాబట్టి తలుపులు మూయకుండా ఉండడమే పని. ఎంపీసీ మధ్యలో మానొద్దు. డిజైన్ చదవాలన్నా దానివల్ల పోయేదేమీ లేదు. డిజైన్ డిగ్రీలో చేరడానికి ఐఐటీ బాంబే పెట్టే యూసీడ్ పరీక్ష ఇంటర్ ఏ గ్రూపువాళ్లయినా రాయవచ్చు. జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ఇచ్చే డిజైన్ డిగ్రీలకీ గ్రూపు పట్టింపు లేదు, నిఫ్ట్‌లోనే బీఎఫ్‌టెక్ అనే ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ కావాలంటే మాత్రం లెక్కలు చదివుండాలి. ఆంధ్రప్రదేశ్‌కి 2015 నుంచి సొంత ఎన్ఐడీ ఉంది, హైదరాబాదులో నిఫ్ట్ ఉంది, ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కి ప్రత్యేకంగా అక్కడే జేఎన్ఏఎఫ్ఏయూ అనే యూనివర్సిటీ ఉంది. వీటిలో మీవాడికి ఏది కావాలో, ఏడాదికి ఫీజు ఎంతో, హాస్టల్ ఎంతో, పరీక్షలో ఏమడుగుతారో, అక్కడ చదివి బయటికొచ్చిన ఇద్దరు ఏం చేస్తున్నారో, ఒక కాగితం మీద రాసి తెమ్మనండి. వెతకడం వాడికి వచ్చు. వాడు తెచ్చాక మీరిద్దరూ అడగాల్సినవి అడగండి: సీటు రాకపోతే ఏం చేస్తావు? రెండో ఏడు డబ్బు ఎక్కడిది? నచ్చకపోతే వెనక్కి రావడానికి దారుందా? కస్టమరు పట్టుచీర తెచ్చి బల్ల మీద పెడితే కత్తెర పెట్టే ముందు మీరెన్ని అడుగుతారో అన్నీ అడగండి.

ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వాడు చదువుతానంటున్నది ఏ డిజైన్? ఫోను స్క్రీన్లదో, బట్టలదో మీరు రాయలేదు. బట్టలదైతే ఆ చదువులో ప్యాటర్న్ మేకింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. చదునుగా ఉన్న గుడ్డని గుండ్రంగా ఉన్న ఒంటికి పట్టేలా గీసి కత్తిరించడం. మీరు ఎన్నేళ్లుగా చేస్తున్నారు ఆ పని? స్క్రీన్లదైనా అంతే అనుకోండి, వాడేది ఎవరు, వాళ్ల చెయ్యి ఎక్కడ ఇబ్బంది పడుతుంది అన్నదే అక్కడా మొదటి ప్రశ్న. ఆది జాకెట్టు తెచ్చిచ్చి ‘ఇదే కొలత’ అన్నావిడ పోయినేటికంటే ఒళ్లు చేసింది. ఆ సంగతి నోటితో చెప్పదు. మీరు ఆవిణ్ణి ఒకసారి చూసి, ఏమీ అనకుండా, పక్క కుట్టు లోపల అరంగుళం గుడ్డ ఎక్కువ వదులుతారు. డిజైన్ చదువుతానంటున్న మీవాడు ఆ మిషన్ పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటూ ‘మీకేం తెలీదు’ అంటున్నాడు. మీరు చేసేది వాడెప్పుడూ చూడలేదు. మీరు చూపించనూ లేదు, నాకు తెలిసి.

వచ్చే ఆదివారం పని లేనప్పుడు వాడికి ఒక ఆది జాకెట్టు, పాత పేపరు, టేపు ఇవ్వండి. చూసి గీయమనండి. మెడ గీస్తాడు, నడుము గీస్తాడు, చంక ఒంపు దగ్గర ఆగిపోతాడు. అప్పుడు కూడా చాక్‌పీసు లాక్కోకండి, చేతులు మీ వీపు వెనకే. గీశాక కత్తిరించనివ్వండి. మొదటి మూడూ పాడవుతాయి కాబట్టి కొత్త లైనింగ్ గుడ్డ ఇవ్వకుండా మీ ఆయన పాత లుంగీ ఏదైనా ఉంటే అదివ్వండి.